పలక రెండో కొస

ఆదివారం ఉదయం పదింటికి మా సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ముందు కార్లు వరసగా ఆగుతాయి. పిల్లలు దిగి హీబ్రూ క్లాసుకి పరిగెడతారు. అమ్మానాన్నలు మాత్రం పన్నెండింటిదాకా కార్లోనే, ఫోన్లు చూసుకుంటూ. పక్క గదిలో పెద్దల క్లాసు నడుస్తూ ఉంటుంది. ఇరవై కుర్చీలు వేస్తే ఐదుగురం కూర్చుంటాం. అది చూసినప్పుడల్లా నాకు పాతకాలపు యూదు గురువు రబ్బీ అకివా పలక గుర్తొస్తుంది.

కథ మీకు తెలిసిందే. నలభై ఏళ్లొచ్చేదాకా అక్షరం ముక్క రాని మనిషి, బావి దగ్గర నీటిచుక్కలకి గుంటపడ్డ రాయిని చూసి చదువుకి బయల్దేరాడు. ప్రసంగాల్లో అందరూ ఆ రాయి గురించే చెబుతారు. నా మనసు మాత్రం ఆ తర్వాతి మాట దగ్గర ఆగిపోతుంది. అకివా కొడుకుని వెంటబెట్టుకుని పిల్లల పంతులు దగ్గరికి వెళ్లాడు. పలక ఒక కొస ఆయన పట్టుకున్నాడు, రెండో కొస కొడుకు పట్టుకున్నాడు.

కొడుకుని దింపేసి రాలేదు. "నువ్వు నేర్చుకుని వచ్చి నాకు చెప్పు" అనలేదు. ఒకే పలక, ఇద్దరి చేతులు. ఒకరు వదిలేస్తే వాలిపోతుంది. తండ్రి పైకెత్తి పట్టుకుంటే పిల్లాడికి అందదు. కాబట్టి ఆయనే వంగి ఉండాలి, నలభై ఏళ్ల నడుముతో, పిల్లాడి ఎత్తుకి. నిలబడి చేసే ప్రార్థన ఆమీదాలో మనం వంగేది కూడా ఇలాంటి వంగడమేనని నాకు అనిపిస్తుంది.

నేనూ నలభై దాటాకే, లండన్‌లో, యూదు మతంలోకి వచ్చాను. చిన్నప్పుడు మా నాన్న నా వేలు పట్టుకుని బియ్యంలో అక్షరాలు దిద్దించాడు. ఇప్పుడు నా తొమ్మిదేళ్ల కూతురు నా వేలు పట్టుకుని హీబ్రూ దిద్దిస్తోంది. ఒకరోజు దేవుడు ఒక్కడే అని చెప్పే షెమా ప్రార్థనలో 'ఎహాద్' (ఒక్కడు) అన్న మాట చివరి అక్షరం దాలెత్‌ని రేష్ అనే అక్షరం అనుకుని చదివేశాను. "అమ్మా, ఆ మూల చూడు" అంది. దాలెత్‌కి మూలలో చిన్న మొన ఉంటుంది, రేష్ గుండ్రంగా తిరుగుతుంది. అంతే తేడా. పొట్టలో చుక్క మర్చిపోయి కథని కధ అని రాసేస్తామే, అలా. కానీ ఇక్కడ ఆ మొన పోతే 'ఒక్కడు' అన్న మాట 'వేరొకడు' అయిపోతుంది. ఎవరూ పొరబడకూడదనే మన పవిత్ర గ్రంథం తోరా చుట్టలో ఆ దాలెత్‌ని పెద్దగా రాస్తారని పెద్దలంటారు. నాకది నా బిడ్డ చిటికెనవేలు చూపించింది. ఆ పూట ప్రార్థన ముందుకి సాగలేదు, కళ్లు తడిసిపోయాయి.

మనది లిబరల్ సంప్రదాయం. వారానికోసారి వచ్చే విశ్రాంతి రోజు షబ్బాత్ ఎలా గడపాలో, వంటింట్లో ఏ నియమం ఉంచుకోవాలో ఎవరికి వారు తెలుసుకుని నిర్ణయించుకోమంటుంది. ఆ 'తెలుసుకుని' అన్న మాటని మనం మింగేశాం. "మేం లిబరల్ కదా" అని, ఏం వదిలేస్తున్నామో చూడకుండానే వదిలేస్తున్నాం. చదివి, వాదించి, నిద్రపట్టక దొర్లి ఒక ఆచారం మానేసినవాళ్లకి నేను దణ్ణం పెడతాను. చదవకుండా మానేయడం స్వేచ్ఛ కాదు, బద్ధకం.

జర్మనీ యూదు తత్వవేత్త ఫ్రాంజ్ రోజెన్‌త్స్వైగ్ 1913లో క్రైస్తవంలోకి వెళ్లబోయి ఆగిపోయిన మనిషి. 1920లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెద్దల కోసమే ఒక బడి నడిపాడు. తోరా నుంచి బతుకులోకి వచ్చే చదువు కాదు, బతుకులోంచి తోరా దగ్గరికి వెనక్కి నడిచే చదువు కావాలన్నాడు. దూరంగా వెళ్లిపోయామనుకునేవాళ్లకి ఇంతకన్నా దగ్గరి దారి ఏముంది?

తీరిక లేదంటారు. తీరిక దొరికాక చదువుతాననకు, అది దొరక్కపోవచ్చు అని పాతకాలపు గురువు హిల్లెల్ ఎప్పుడో చెప్పాడు. 1925లో ముంబయిలో లిబరల్ యూదు సమాజాన్ని మొదలుపెట్టిన జెరూషా జిరాడ్ కాన్పులు చేసే డాక్టరు. ఆవిడకేం తీరిక ఉండి ఉంటుంది?

వచ్చే ఆదివారం ఇంజన్ ఆపి లోపలికి రండి. హీబ్రూ మొదటి అక్షరం అలెఫ్ కూడా రాకపోయినా పర్లేదు. మీ పిల్లలు ఒక కొస పట్టుకునే ఉన్నారు. నా పక్క కుర్చీ ఖాళీ.