మాట మాత్రం చాలన్నాడు

నిన్న రాత్రి చెల్లి కోసం ప్రార్థన చేస్తూ బైబిల్లో మత్తయి 8 చదివా, శతాధిపతి దగ్గరే చాలాసేపు ఆగిపోయా. వందమంది సైనికుల మీద అధికారి, అయినా యేసయ్యతో నువ్వు నా ఇంట్లోకి రావడానికి నేను తగను, ఒక్క మాట చెప్పు చాలు నా దాసుడు బాగవుతాడు అన్నాడు... భయభక్తి, విశ్వాసం రెండూ ఒకే మాటలో! ఇశ్రాయేలులో కూడా ఇంత విశ్వాసం చూడలేదని ప్రభువే ఆశ్చర్యపోయాడు. అదే మార్కు 6లో ఆయన సొంతూరు నజరేతు వాళ్లు, ఈయన మన వడ్లవాడే కదా అని తేలిగ్గా తీసేశారు, అక్కడ కొద్దిమంది రోగుల్ని బాగుచేయడం తప్ప ఇంకే అద్భుతం జరగలేదు. తెలిసినవాడే కదా అన్న చనువు అంత నష్టం చేస్తుంది.

12 ఏళ్లు రక్తస్రావంతో బాధపడిన ఆమె అయితే, యేసయ్య వస్త్రం ముట్టుకుని బాగైపోయాక కూడా వణుకుతూ వచ్చి ఆయన ముందు సాగిలపడింది, ఆ వణుకంటే నాకు చాలా ఇష్టం, అడిగింది దొరికేసిందిలే అని వెళ్లిపోలేదు కదా.

మోకాళ్ల మీద నుంచి లేచేసరికి గుండెలో బరువు దిగింది, నిద్ర కూడా పట్టింది, దేవునికే స్తోత్రం. చెల్లి రిపోర్ట్స్ రేపు వస్తాయి, తనని మీ ప్రార్థనల్లో గుర్తుపెట్టుకోండి ప్లీజ్ 🙏