పాత ఆటోమేటిక్ బండి, గేర్‌బాక్స్ గోల

కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది కానీ బండి ముందుకు పోనంటోంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏ గొడవా లేదు, వేడెక్కాకే ఈ గోల, ఆపైన మూడో గేర్‌లోనే ఇరుక్కుపోయి ఎంత తొక్కినా మారదు. హన్మకొండలో ఒక షెడ్డాయన ఆయిల్ చూసే డిప్‌స్టిక్ కూడా తీయకుండానే "గేర్‌బాక్స్ పోయింది సార్, మొత్తం మార్చాలె" అన్నాడు. ఆయన చెప్పిన లెక్క బండి ధర కంటే ఎక్కువుంది!

ములుగు రోడ్డులో ఇంకో మెకానిక్ అన్న బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ నడుస్తుండగా వేడి మీదే గేర్‌బాక్స్ ఆయిల్ చూశాడు. తెల్లగుడ్డకు తుడిస్తే ఎర్రగా ఉండాల్సింది గోధుమ రంగులోకి తిరిగింది, కానీ మాడు వాసన లేదు. "గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు ఇంకా కాలలేదు తమ్మీ" అన్నాడు. స్కానర్ పెడితే షిఫ్ట్ సోలెనాయిడ్ (గేర్లు మార్చడానికి ఆయిల్‌ను మళ్లించే కరెంటు వాల్వు) పాడైందన్న కోడ్ వచ్చింది. కింద ఆయిల్ పాన్ విప్పితే అయస్కాంతానికి కాటుకలాంటి మెత్తటి ముద్ద అంటుకుని ఉంది, లోహపు ముక్కలు మాత్రం లేవు, అప్పుడు దిగింది నా టెన్షన్. ఆ మెత్తటి పొడి మామూలు అరుగుదలేనట, ముక్కలు కనిపిస్తేనే భయపడాలి. సోలెనాయిడ్‌ను వేడి చేసి మీటర్ పెట్టి చూపించాడు, వేడెక్కగానే కాయిల్ తెగిపోతోంది.

సోలెనాయిడ్, ఫిల్టర్, గాస్కెట్, కొత్త ఆయిల్, అంతే పని. పాన్ విప్పితే పాత ఆయిల్ మొత్తం దిగదు, ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే టార్క్ కన్వర్టర్‌లో చాలా మిగిలిపోతుంది కాబట్టి కొన్నాళ్లు నడిపి మళ్లీ మార్చాలి. ఈ గేర్‌బాక్స్‌కు సరిపోయే గ్రేడ్ ఆయిలేమో వరంగల్‌లో దొరక్క హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నా, ఇక్కడే ఎక్కడైనా దొరికితే చెప్పండి.