జూనో 106లో ఆరో వాయిస్ దాకా: నల్గొండలో ఒక పాత సింథ్ రిపేర్, నా అనుభవం

పోయిన ఏడాది మార్చిలో మహబూబ్‌నగర్‌లో ఒక పెద్దాయన ఇంట్లో రోలాండ్ కంపెనీ సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు వాయిద్యం) జూనో 106 ఉందని తెలిసి, నల్గొండ నుంచి పొద్దున బస్సుకే బయలుదేరాను. ఆయన ఒకప్పుడు పెళ్ళిళ్ళలో, జాతరల్లో ఆర్కెస్ట్రా వాయించేవారు. కొన్నాళ్ళు బొంబాయిలో ఉండి వచ్చేటప్పుడు దాన్ని కొని తెచ్చుకున్నారట. బీరువా మీద దుప్పటి చుట్టి ఉంది. ఆన్ చేస్తే ఎట్లా ఉంటుందని అడిగితే, "ఒకటే గరగర తమ్మీ, ఆరు నోట్లు కొడితే రెండు రావు" అన్నారు. 30,000కు ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పారు: "అండ్ల నా సౌండ్లు ఉన్నయి, అవి పోనియ్యకు."

ఆ మాట వల్లే నేను రిపేరును సరైన చోట మొదలుపెట్టాను. లేకపోతే ఇంటికి రాగానే మూత విప్పేవాడిని.

జూనో 106 వచ్చింది 1984లో. అప్పటికి ఏడాది ముందే యమహా డీఎక్స్7 అనే డిజిటల్ సింథ్ వచ్చి లోకమంతా డిజిటల్ వైపు తిరిగింది. జూనోలో మాత్రం ధ్వనిని మెత్తగానో పదునుగానో మార్చే ఫిల్టర్, దాని తర్వాతి యాంప్లిఫయర్ పూర్తిగా అనలాగ్. స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్‌కు లెక్క చెప్పేది డిజిటల్ గడియారం కాబట్టి మన మే నెల ఎండలో కూడా శ్రుతి జారదు. ఒకేసారి ఆరు నోట్లు పలుకుతాయి, ఒక్కో నోటును పలికించే సర్క్యూట్‌ను వాయిస్ అంటారు. వాయిస్‌కు ఆసిలేటర్ ఒక్కటే, అయినా పక్కనున్న రెండు కోరస్ బటన్లలో (ఒకే ధ్వని చాలామంది వాయించినట్టు వినిపించేలా చేసేవి) ఒకటి నొక్కితే గదంతా నిండుతుంది. ఆ కోరస్ కోసమే నేను ఇన్నేళ్ళు వెతికాను.

ప్లగ్ పెట్టేముందు వెనక రాసి ఉన్న వోల్టేజీ చూశాను. 100 వోల్టులు, అంటే జపాన్ మార్కెట్ కోసం చేసింది. మన 230లో నేరుగా పెడితే పవర్ సప్లయి కాలిపోయేది. మా దగ్గర బోరు మోటార్ల వైండింగ్ షాపులు ఎన్నో ఉన్నాయి, అందులో ఒకాయన రెండు రోజుల్లో స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిచ్చాడు. కానీ ఇక్కడొక సంగతి గుర్తుంచుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ తగ్గించేది నిష్పత్తిలోనే, లైన్‌లో 250 వస్తే బయటికి 108 దాకా వస్తుంది. మా వీధిలో రాత్రి పన్నెండు దాటితే వోల్టేజీ పెరుగుతుంది, అందుకని ముందు స్టెబిలైజర్, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, ఆ తర్వాతే జూనో.

ఇక ఆయన సౌండ్లు. ఏ, బీ అని రెండు గ్రూపులు, ఒక్కోదాంట్లో 64, మొత్తం 128 సౌండ్లు దాచుకోవచ్చు. వాటిని నిలబెట్టేది లోపలున్న సీఆర్2032 బ్యాటరీ, అదీ బోర్డుకు టంకం పెట్టి అతికించినది. అది తీసిన క్షణం అన్నీ పోతాయి. వెనక టేప్ రికార్డర్ కోసం సేవ్, లోడ్ అని సాకెట్లు ఉన్నాయి, సేవ్ నుంచి లాప్‌టాప్‌లోకి రికార్డు చేసుకున్నాను. వినడానికి కీచుకీచుమనే మోత, కానీ ఆయన ఇరవై ఏళ్ళ పని అంతా అందులో ఉంది. మూడుసార్లు రికార్డు చేసి, వెరిఫై చేసి చూసుకున్నాకే మూత విప్పాను.

కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే టెస్ట్ మోడ్‌లోకి వెళ్తుంది. అప్పుడు మీటలు వరుసగా నొక్కుతూ పోతే ఏ వాయిస్ మోగుతోందో డిస్‌ప్లేలో అంకె కనిపిస్తుంది. మూడోది గరగర, ఐదోది మూగ. మిగతా నాలుగూ బాగానే ఉన్నాయి.

ఈ మోడల్‌కు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. ఒక్కో వాయిస్‌కు 80017ఏ అనే ఒక చిన్న మాడ్యూల్ ఉంటుంది, ఫిల్టరూ యాంప్లిఫయరూ రెండూ దాంట్లోనే. దాని మీద నల్లటి ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పూత పోశారు. పాతబడేకొద్దీ ఆ పూతలోంచే కరెంటు లీకవుతుంది, దాంతో గరగర వస్తుంది, లేదా నోటు ఆగకుండా మోగుతుంది, లేదా అసలు పలకదు. లోపలి భాగాలు చాలాసార్లు బాగానే ఉంటాయి. కొత్తగా తయారైన రీప్లేస్‌మెంట్లు బయట దొరుకుతాయి, అయినా అసలైనవి బతికే అవకాశం ఉన్నప్పుడు పారేయడం నాకు ఇష్టం లేకపోయింది.

ముందు వాటిని బోర్డు నుంచి ఊడదీయాలి. నాకు సోల్డరింగ్ వచ్చు కానీ నలభై ఏళ్ళ బోర్డు మీద రాగి గీతలు కాస్త వేడెక్కువైతే లేచిపోతాయి. మా గల్లీలో టీవీలు బాగుచేసే కాక దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన చాలాసేపు చూసి, "ఈ మిషన్ గురించి నాకు తెల్వది బిడ్డా, టంకం ఎట్ల తియ్యాల్నో మాత్రం చూపిస్త" అన్నారు. ఆయన పద్ధతి ఇది: పాత టంకం మీద ముందు కొత్త టంకం కొంచెం వేసి కరిగించాలి, తర్వాతే పంపుతో లాగాలి, ఒక కాలు అయ్యాక వెంటనే పక్క కాలు ముట్టుకోకుండా వరుస చివరికి వెళ్ళాలి, బోర్డు చల్లారడానికి. మొదటిది ఆయన తీశారు, రెండోది నాతో తీయించారు. ఒక్క గీత కూడా లేవలేదు. ఆ ఖాళీల్లో సాకెట్ పట్టీలు పెట్టాం, మళ్ళీ తీయాల్సి వస్తే ఈ కష్టం లేకుండా.

మూగబోయిన వాయిస్‌కు కారణం వేరే చిప్ కూడా కావచ్చు. అందుకే ఒకటో వాయిస్ మాడ్యూల్‌ను కూడా తీసి ఐదో చోట పెట్టి, ఐదోదాన్ని ఒకటో చోట పెట్టి చూశాను. జబ్బు ఒకటో చోటికి మారింది. అంటే తప్పు మాడ్యూల్‌దే.

ఆ ఎపాక్సీ పూత ఊడిపోవడానికి మాడ్యూళ్ళను అసిటోన్‌లో నానబెట్టాలి. అది తేలిక అనుకున్నాను, అక్కడే దెబ్బ తిన్నాను. అసిటోన్ హైదరాబాద్ నుంచి తెచ్చాను (నెయిల్ పాలిష్ రిమూవర్లలో వేరేవి కలిసి ఉంటాయి, వాటితో ప్రయత్నించకండి). ఇంట్లో మామిడికాయ తొక్కు పెట్టే గాజు సీసా తీసుకుని, దాంట్లో వేసి మూత పెట్టి వసారాలో ఉంచాను. ఎండాకాలం. పొద్దున చూస్తే మూత లోపలి ప్లాస్టిక్ పొర మెత్తబడి జిగురైంది, అసిటోన్ సగం ఆవిరైపోయింది, పైకి తేలిన మాడ్యూల్ భాగం అట్లాగే గట్టిగా ఉంది. చాలా టెన్షన్ పడ్డాను, రెండూ పోయాయేమోనని. తర్వాత గాజు మూతే ఉన్న సీసా సంపాదించి, పొయ్యికి, దీపానికి దూరంగా, గాలి ఆడే నీడ చోట పెట్టి, తగ్గినప్పుడల్లా నింపుతూ మూడు రోజులు ఉంచాను. మూడో రోజు పూత మెత్తటి తొక్కలా వచ్చింది. లాగకూడదు, రానిచోట ఇంకో పూట నానబెట్టాలి. లాగితే లోపలి బుల్లి భాగాలు పూతతో పాటే ఊడి వస్తాయి. మెత్తటి బ్రష్‌తో తుడిచి, ఒక రోజు ఆరబెట్టి సాకెట్లలో పెట్టాను.

మూడోది, ఐదోది రెండూ పలికాయి.

నెల తిరక్కుండానే రెండో వాయిస్ గరగర మొదలుపెట్టింది. అన్నీ ఒకే వయసువి కదా. కాబట్టి ఒకటి పోయిందంటే ఆరూ ఒకేసారి చేసుకోవడమే మేలని నా అభిప్రాయం, బోర్డును మాటిమాటికీ విప్పడం కూడా దానికి మంచిది కాదు. మిగతా నాలుగూ అట్లాగే చేశాను. ఆ తర్వాత సర్వీస్ మాన్యువల్ చూస్తూ ఒక్కో వాయిస్ ఫిల్టర్‌ను ట్రిమ్మర్లతో (బోర్డు మీద తిప్పి సర్దే చిన్న భాగాలు) సరిచేయాలి. ఫిల్టర్ రెజొనెన్స్ (ఒక స్వరస్థాయిని మరీ ఎత్తి చూపే గుణం) పూర్తిగా పెంచితే ఫిల్టర్ తనంతట తానే ఈల వేస్తుంది, ఆరు ఈలలూ ఒకే స్థాయికి రావాలి. రెండు సాయంత్రాలు పట్టింది, కానీ ఇది వదిలేస్తే ఆరు నోట్లలో ఒకటి మందంగా, ఒకటి పదునుగా వినిపిస్తుంది.

బ్యాటరీ మార్చి, ఆయన సౌండ్లు మళ్ళీ ఎక్కించే పని చివరిది. మొదటిసారి లోడ్ కాలేదు. వెనక మెమరీ ప్రొటెక్ట్ స్విచ్ ఆన్‌లో ఉండిపోయింది. అది ఆఫ్ చేసినా రెండోసారి లెవెల్ తక్కువై ఆగిపోయింది. వాల్యూమ్ పెంచాక ఎక్కాయి. బీ గ్రూపులో ఒకటి సన్నాయికి దగ్గరగా ఉంది, నోటు చివర ఎల్ఎఫ్ఓతో (ధ్వనిని నెమ్మదిగా ఊపే సర్క్యూట్) చిన్న వణుకు. దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి పెద్దాయనకు పంపాను.

అర్ధగంటకు ఫోన్ వచ్చింది. "గది పెండ్లిపిల్లను మండపానికి తెచ్చేటప్పుడు కొట్టేది. కోరస్ రెండోది పెట్టి కొట్టు, ఒకటోది కాదు."

రెండోది పెట్టి కొట్టాను. ఆయన చెప్పిందే కరెక్టు.