పాఠం చెప్పే గొంతుకి వచ్చిన జబ్బు

మొదట్లో జలుబే అనుకున్నాం. విజయవాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేదాన్ని. దసరా ముందు గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు, ఉప్పునీళ్లు పుక్కిలించడం, బుగ్గన కరక్కాయ, అన్నీ అయ్యాయి. పొద్దున లేవగానే కాస్త బాగానే ఉండేది, మూడో పీరియడ్ కల్లా మాట చీలిపోయేది. సంక్రాంతి నాటికి వీధిలో ఆడుకుంటున్న మా పాపని మేడ మీంచి పిలవబోతే గాలి తప్ప శబ్దం రాలేదు.

ఈఎన్‌టీ డాక్టరు గారు ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి తెర మీద చూపించారు. రెండు స్వరతంత్రుల మీదా ఎదురెదురుగా తెల్లటి చిన్న బుడిపెలు. మామూలుగా మాట్లాడేటప్పుడే ఆడవాళ్లలో ఆ తంత్రులు సెకనుకి 200 సార్ల దాకా ఒకదానికొకటి తగులుతాయట. అరిచి మాట్లాడితే ఆ తాకిడి ఇంకా గట్టిగా ఉంటుంది. పలుగు పట్టిన చేతికి కాయ కాచినట్టు, దెబ్బ ఎక్కువగా పడే చోట అక్కడా కాస్తుంది. "నాడ్యూల్సమ్మా. టీచర్లలో ఎక్కువగా చూస్తాం. ముందే ఆపరేషన్ దాకా వెళ్లక్కర్లేదు. గొంతుకి విశ్రాంతి ఇచ్చి, స్పీచ్ థెరపీ చేయించుకోండి. రోజుకి ఎన్ని గంటలు చెప్తారు?" అన్నారు.

పొద్దున్నే స్టడీ అవర్, తర్వాత వరసగా క్లాసులు, సాయంత్రం డౌట్స్, రాత్రి మళ్లీ స్టడీ అవర్. ఆదివారం టెస్ట్, సోమవారం దాని ర్యాంకుల మీద మీటింగ్. రేకుల గదిలో ఎనభై మంది పిల్లలు, నెత్తిన చప్పుడు చేసే ఫ్యాన్లు. మైకు అడిగితే "గొంతు లేని లెక్చరర్ ఎందుకు?" అన్న మాట స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ పడింది.

డాక్టరు రాసిన కాగితం జతచేసి సెలవు అడిగాను. పబ్లిక్ పరీక్షలు పెట్టుకుని సెలవేంటన్నారు. అంతటితో ఆగలేదు. "క్లాసు చెప్పలేకపోతే అడ్మిషన్లకి వెళ్లండి మేడమ్, అక్కడ పాఠం చెప్పక్కర్లేదుగా" అన్నారు. అడ్మిషన్లంటే పదో తరగతి పిల్లల ఇళ్లకి వెళ్లి, తల్లిదండ్రులతో చీకటి పడేదాకా మాట్లాడటమే. మాట్లాడొద్దని డాక్టరు రాసిచ్చిన మనిషికి చెప్పిన పని అది.

పని ఎక్కువున్న చోటల్లా చెడ్డ చోటని నేననను. పరీక్షల ముందు పిల్లల కోసం గంటలు ఎక్కువ పెట్టడం నాకిష్టమే. జబ్బు పడ్డ రోజు నిన్ను ఏం అడుగుతారన్న దాన్ని బట్టి ఆ చోటు ఎలాంటిదో తెలిసిపోతుంది. "ఎప్పటికి తగ్గుతుందన్నారు?" అని అడిగేవాళ్లుంటారు. "నిజంగానే అంత ఉందా?" అని అడిగేవాళ్లుంటారు. మా దగ్గర రెండో ప్రశ్నే వచ్చేది, నాకొక్కదానికే కాదు. డెంగీ వచ్చిన మ్యాథ్స్ సార్‌ని ప్లేట్‌లెట్ రిపోర్టు వాట్సాప్‌లో పెట్టమన్నారు.

అప్పటికి గొంతొక్కటే కాదు, నిద్ర కూడా పోయింది. రాత్రి ఫోన్ మోగితే చాలు, గుండె దడ. వారానికి 55 గంటలు, ఆపైన పని చేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి చెప్పాయి. మా వారం ఆ 55 గంటల్ని ఎప్పుడో దాటేసింది.

మానేయాలనుకున్నాక అసలు టెన్షన్ మొదలైంది. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. కెమిస్ట్రీ చెప్పే పెద్దాయన "నోటిమాట వద్దమ్మా, అంతా కాగితం మీద పెట్టు" అన్నారు. రాజీనామా, నోటీసు తేదీ, సర్టిఫికెట్లు ఇవ్వమన్న విన్నపం, డాక్టరు కాగితం అన్నీ మెయిల్‌లో పంపి, అదే ఉత్తరం ఆఫీసులో ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకున్నాను. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచర్లు వర్క్‌మన్ (కార్మికుల) కిందకి రారని సుప్రీంకోర్టు 1988లోనే అంది కాబట్టి ఆ చట్టం దారి మాకు లేకపోయింది. కానీ గ్రాట్యుటీ, అంటే ఐదేళ్లు పనిచేసి మానేస్తే యాజమాన్యం ఇవ్వాల్సిన డబ్బు, ఉంది. 2009 సవరణతో టీచర్లకీ వర్తించింది, దాన్ని 2022లో సుప్రీంకోర్టు సమర్థించింది. నాకు ఐదేళ్లు దాటాయి. ఆ సంగతి ఉత్తరంలో రాశాక మాట్లాడే తీరు మారింది. తిప్పించుకున్నారు గానీ, సర్టిఫికెట్లు చేతికొచ్చాయి.

గొంతు బాగవడం చాలా నెమ్మదిగా జరిగింది. గుసగుసగా మాట్లాడినా గొంతు బిగుసుకుంటుందని, అదీ వద్దన్నారు. ఊరికే గొంతు సవరించుకోకూడదు, దాహం వేయకముందే నీళ్లు తాగాలి, పులితేన్పులు గొంతుదాకా రాకుండా రాత్రి భోజనం త్వరగా ముగించాలి. థెరపిస్టు గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి, అందులోకి "ఊ" అంటూ బుడగలు రప్పించమనేది. అప్పుడు తంత్రుల మీద దెబ్బ తక్కువగా పడుతుందట. ఇంట్లో పాప కూడా ఇంకో గ్లాసు పెట్టుకుని పక్కనే కూర్చునేది. అత్తయ్య నాతో సైగలు చేసి చేసి, మాట్లాడగలిగే మా ఆయనతో కూడా సైగలే చేసేవారు. నేను భుజాలు బిగబట్టి మాట్లాడతానని థెరపిస్టు చెప్పేదాకా నాకు తెలీదు. వేసవి చివరికి గొంతు తెరిపిన పడింది. నిద్ర కుదుటపడటానికి ఇంకా చాలా కాలం పట్టింది. దానికి సైకియాట్రిస్టు దగ్గరకి వెళ్లాను, మందులు వాడాను. ఆ మాట దాచాల్సిన పని నాకు కనపడలేదు.

ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో చెప్తున్నాను. జీతం తక్కువే. క్లాసుకి మెడలో వేసుకునే మైకుతో వెళ్తాను, ఎవరూ ఏమీ అనలేదు.

మొన్న పాత కాలేజీ నుంచి జువాలజీ చెప్పే అమ్మాయి ఫోన్ చేసింది. "నమస్తే అక్కా" అనగానే ఆ గొంతులో బొంగురు తెలిసిపోయింది. సీజన్ మార్పు అంటోంది. నాలుగు వారాలు దాటినా తగ్గని బొంగురుని ఈఎన్‌టీకి చూపించి తీరాలి, స్వరపేటిక లోపల చూస్తే తప్ప కారణం తెలియదు. ఆదివారం టెస్ట్ ఉందంది. సోమవారం పొద్దున అపాయింట్‌మెంట్ నేనే తీసుకున్నాను, తోడుగా వెళ్తున్నాను.