ఎరుపు కాదు, గట్టిదనం

ముంజేతి మీద అరచేతి వెడల్పున ఎరుపు. వేలితో తడిమితే గట్టిగా తగిలింది మాత్రం 6 మిల్లీమీటర్లే. ఈరోజు చూసిన మాంటూ టెస్టు, అంటే క్షయ క్రిమి ఒంట్లో చేరిందేమో చర్మం మీద చూసే పరీక్ష. రాసుకోవాల్సింది ఆ 6 నే, ఎరుపుని కాదు. కొలత కూడా చేతికి అడ్డంగానే తీయాలి.

ఇచ్చేది చర్మం పొరలోకి 0.1 మిల్లీలీటరు, క్షయ క్రిమి ప్రోటీన్లతో చేసిన ట్యూబర్‌క్యులిన్. సూది సరిగ్గా పడితే వెంటనే 6 నుంచి 10 మిల్లీమీటర్ల బుడిపె లేస్తుంది. లేవలేదంటే మందు లోతుకి పోయినట్టే, ఇంకోచోట మళ్లీ వెయ్యాలి.

మరి ఫలితానికి 48 నుంచి 72 గంటలు ఎందుకు? ఇది యాంటీబాడీల పని కాదు కాబట్టి. ఆ ప్రోటీన్ ముక్కల్ని చర్మంలోని కణాలు పట్టుకుని చూపించాలి. ఆ క్రిమితో పాత పరిచయం ఉన్న టి కణాలు (ఒంటిని కాపాడే ఒక రకం తెల్లరక్త కణాలు) అక్కడికి చేరి గుర్తుపట్టాలి. అవి పిలిస్తే, క్రిముల్ని మింగే కణాలైన మాక్రోఫేజ్‌లు వచ్చి పోగవ్వాలి. వేలికి తగిలే గట్టిదనం ఆ గుంపే! ఎంత చక్కటి ఏర్పాటో.

సున్నా వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడేవాళ్లలో, హెచ్‌ఐవీ ముదిరినవాళ్లలో టి కణాలు పలకకపోవచ్చు. బీసీజీ టీకా పడినవాళ్లకి క్షయ సోకకపోయినా పొంగొచ్చు.