రాస్ప్‌బెర్రీ పై 3లో టెసెరాక్ట్ 5 కంపైల్ చేసిన అనుభవం

పాత తెలుగు పుస్తకాల స్కాన్ పేజీల నుంచి అక్షరాలు తీయడానికి హనుమకొండలో నేను టెసెరాక్ట్ అనే ప్రోగ్రామ్‌ను రాస్ప్‌బెర్రీ పై 3బి అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద వాడుతున్నాను. 1 జీబీ ర్యామ్, ఓఎస్ బుల్స్‌ఐ. ఇందులో ఆప్ట్ (ప్యాకేజీలు వేసే కమాండ్) ఇచ్చే టెసెరాక్ట్ 4.1.1 దగ్గరే ఆగింది. 5 కావాలంటే సోర్స్ కోడ్ నుంచి కట్టుకోవాల్సిందే, అంటే కంపైల్ చేసుకోవాల్సిందే. తర్వాతి ఓఎస్ బుక్‌వర్మ్ ఉన్నవాళ్లకు ఆప్ట్‌లోనే 5.3 దొరుకుతుంది, ఈ తిప్పలు అక్కర్లేదు.

ముందు బిల్డ్ ఎసెన్షియల్, గిట్, ఆటోమేక్, లిబ్‌టూల్, పీకేజీకాన్ఫిగ్, లెప్టోనికా (బొమ్మలు చదివే లైబ్రరీ) డెవ్ ప్యాకేజీ వేసుకోవాలి. చాలామంది మరిచేది ఆటోకాన్ఫ్ ఆర్కైవ్. అది లేకపోయినా, కన్ఫిగర్ స్క్రిప్టును తయారుచేసే ఆటోజెన్ కిక్కురుమనకపోవచ్చు. తీరా కన్ఫిగర్ మధ్యలో ‘సింటాక్స్ ఎర్రర్’ అంటుంది, మనం స్క్రిప్టులో తప్పు వెతుకుతాం. ప్యాకేజీ వేశాక మళ్లీ ఆటోజెన్ నుంచే మొదలుపెట్టాలి, ఒక్క కన్ఫిగర్ నడిపితే చాలదు. లెప్టోనికాను కూడా సొంతంగా కట్టేవాళ్లు అంతకుముందే పీఎన్‌జీ, జేపెగ్, టిఫ్ డెవ్ ప్యాకేజీలు వేసుకోవాలి. లేకుంటే అంతా సాఫీగా కంపైలై, బొమ్మ ఇచ్చినప్పుడు ‘ఫంక్షన్ నాట్ ప్రెజెంట్’ అంటుంది.

నాలుగు కోర్లున్నాయి కదా అని కంపైల్ నడిపే మేక్ కమాండ్‌కు ఒకేసారి 4 జాబ్‌లు ఇస్తే 1 జీబీ చాలదు. పెద్ద సీ++ ఫైళ్లు ఒక్కోటి వందల మెగాబైట్లు తింటాయి. కెర్నల్ కంపైలర్‌ను చంపేస్తుంది, తెరమీద ‘కిల్డ్’, ‘సీసీ1ప్లస్’ (సీ++ కంపైలర్ పేరు) కనిపిస్తాయి. అది కోడ్ తప్పు కాదు. 2 జాబ్‌లకు దిగాలి. డీఫిస్ స్వాప్‌ఫైల్ కాన్ఫిగ్‌లో 100 ఎంబీ ఉన్న స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు కార్డు మీద వాడే చోటు) సైజును 1024 చేసి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి. స్వాప్ వేగం పెంచదు, చావు తప్పిస్తుంది, అంతే.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మన గదులే 40 డిగ్రీలు దాటుతాయి. చిప్ 80 డిగ్రీలకు చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. హీట్‌సింక్, చిన్న ఫ్యాన్ తప్పనిసరి. అయితే ప్రతిదానికీ ఎండను తిట్టొద్దు. బోర్డు స్థితి చెప్పే వీసీజెన్‌కమాండ్‌లో గెట్ థ్రాటిల్డ్ అడిగితే నాకు 0ఎక్స్50000 వచ్చింది. బూట్ అయ్యాక ఎప్పుడో వోల్టేజీ పడిపోయిందని, వేగం తగ్గిందని దానర్థం. అంటే ముందు చూడాల్సింది చార్జర్‌నే. 4.63 వోల్టుల కంటే తగ్గితే ఈ గుర్తు పడుతుంది. సన్నటి ఫోన్ కేబుల్ తీసేసి 5.1 వోల్టుల 2.5 ఆంపియర్ల అడాప్టర్ పెట్టాలి.

అన్నిటికన్నా సతాయించేది కరెంటు. రాస్ప్‌బెర్రీ పై పవర్ బ్యాంక్ మీద నడుస్తున్నా, కరెంటు పోయి రౌటర్ ఆగిపోతే ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి పెట్టుకున్న కనెక్షన్) తెగుతుంది, దాంతో మేక్ కూడా పోతుంది. అందుకే కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని టీమక్స్‌లోనే నడపాలి. రాస్ప్‌బెర్రీ పై కూడా ఆరిపోతే కథ వేరు. రాస్తూ రాస్తూ ఆగిన ఆబ్జెక్ట్ ఫైళ్లు (కంపైలైన ముక్కలు) సున్నా బైట్లతో మిగులుతాయి. మేక్ వాటిని పూర్తయినవనే నమ్ముతుంది, చివరికి ఆ ముక్కలను కలిపే లింకర్ ‘ఫైల్ ట్రంకేటెడ్’ అని ఆగుతుంది. ఖాళీ ఆబ్జెక్ట్ ఫైళ్లను ఫైండ్‌తో వెతికి తీసేసి మళ్లీ మేక్ కొడితే మిగిలిందే కంపైల్ అవుతుంది. ‘మిస్సింగ్ సెపరేటర్’ అని వస్తే డిపెండెన్సీ ఫైళ్లూ పాడైనట్టే, మేక్ క్లీన్ తప్పదు.

ఇంకో మెలిక గడియారం. పై 3లో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు వచ్చాక రౌటర్ కంటే ముందే ఈ బోర్డు లేస్తే పాత టైమే చూపిస్తుంది. అప్పుడు మేక్ కొడితే ‘క్లాక్ స్క్యూ’ హెచ్చరిక వస్తుంది, ఏది కొత్త ఫైలో ఏది పాతదో దానికే తెలియదు. గిట్, ఆప్ట్ కూడా సర్టిఫికెట్ల పేరుతో మొరాయించవచ్చు. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌లో గడియారం సింక్ ‘యెస్’ అయ్యేదాకా ఆగాలి.

మేక్ ఇన్‌స్టాల్ తర్వాత, లైబ్రరీల జాబితాను తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్ నడపకపోతే షేర్డ్ లైబ్రరీ దొరకలేదంటుంది. ఆప్ట్ పెట్టిన తెలుగు డేటాను మనం కట్టిన టెసెరాక్ట్ చూడదు. టెల్ (తెలుగు భాష కోడ్) ట్రెయిన్డ్‌డేటా ఫైలును యూఎస్ఆర్ లోకల్ షేర్ కింద టెస్‌డేటాలో పెట్టాలి. ఆ డేటాలో బెస్ట్ రకం ఈ బోర్డు మీద నత్తనడక, నేను ఫాస్ట్ రకమే వాడుతున్నాను. లిస్ట్ ల్యాంగ్స్‌లో ‘టెల్’ కనిపించాక స్వాప్‌ను తిరిగి 100కు దించేశాను, లేకపోతే ఎస్‌డీ కార్డు ఊరికే అరుగుతుంది.