సవర భాష నేర్చుకున్న చరిత్ర మాస్టారు

ఏటా ఆగస్టు 29న గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆనాటి సభల్లో వ్యావహారిక భాషోద్యమం గురించి గంటసేపు మాట్లాడి, కొండజాతివారైన సవరలకు ఆయన చేసిన సేవను చివరి నిమిషంలో ఒక్క వాక్యంతో ముగించడం ఆనవాయితీ అయిపోయింది. పిల్లలకు పాఠాలు చెప్పుకొనే మనిషిగా నాకు ఆ వరస తలకిందులుగా కనిపిస్తుంది. తెలుగు బడిపుస్తకాల భాష గురించి ఆయన నోరు విప్పడానికి పదిహేనేళ్ల ముందే సవరల పని మొదలైంది. తెలుసుకోవాలనే కుతూహలమూ, ఎదుటివాళ్ల మీద ఆపేక్షా ఒకే మనిషిలో కలిసినప్పుడు చదువు ఏ రూపం తీసుకుంటుందో చూడదలచినవారికి ఆ పనికి మించిన ఉదాహరణ మన ప్రాంతంలో మరొకటి ఉందనుకోను.

రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగానికి దగ్గరలోని పర్వతాలపేటలో పుట్టారు. 1875లో తండ్రి విషజ్వరంతో పోయారు. మెట్రిక్యులేషన్ కాగానే, 1880లో, పర్లాకిమిడి రాజావారి బడిలో చిన్న తరగతులకు చరిత్ర చెప్పే ఉద్యోగంలో చేరారు. ఆ తరువాత పరీక్షలన్నీ ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా రాసినవే. ఇంతవరకూ ఆ కాలపు మధ్యతరగతి యువకులెందరి కథో ఇదే. అయితే 1889-90 ప్రాంతంలో ముఖలింగం గుళ్లలోని గాంగరాజుల శాసనాలను ఎవరో చదివి చెప్పినట్టు కాక తానే చదవాలన్న కోరిక ఆయనకు పుట్టింది. ప్రాచీన లిపులను గురువు లేకుండా పుస్తకాల సాయంతో నేర్చుకొని, ఆ శాసనాల మీద ఆంగ్లంలో వ్యాసాలు రాసి పరిశోధన పత్రికలలో ప్రచురించారు. జీతానికీ పదోన్నతికీ సంబంధం లేని ఈ శ్రమ అచ్చమైన కుతూహలం. ఆయన అక్కడితో ఆగిపోయి ఉంటే మంచి శాసన పరిశోధకుడిగా నాలుగు పాదసూచికల్లో మిగిలేవారు.

పర్లాకిమిడి చుట్టూ కొండల మీద సవరలు ఉంటారు. వారి భాష తెలుగుకు గాని ఒడియాకు గాని చుట్టం కాదు. అది ముండా భాషలలో ఒకటి, అంటే ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబానికి చెందినది. అప్పట్లో దానికి లిపి లేదు, పుస్తకం లేదు. లెక్కా పత్రం అన్నీ పరాయి భాషల్లో జరిగే చోట, చదువురాని సవర తన అప్పు ఎంతో, తన పొలం ఎవరి పేర రాసి ఉందో మరొకరు చెబితే నమ్మవలసిందే. వాళ్లకు చదువు చెప్పాలని రామమూర్తిగారు అనుకున్నారు. తెలుగులో చెప్పడం సులువైన దారి. ఆయన అది కాదని ముందు తాను వాళ్ల భాష నేర్చుకోవడానికి పూనుకున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక దుబాసీని ఇంట్లోనే పెట్టుకొని నేర్చుకున్నారు. అంటరానితనం ఇంటింటా పాటించే ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ గృహస్థు కొండ మనుషులను ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి, మాట అడిగి తెలుసుకోవడం ఎంత సాహసమో ఇప్పటివారికి విడమరచి చెప్పనక్కరలేదనుకుంటాను.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఇక్కడే ఉంది. శాసనాన్ని తప్పుగా చదివితే రాయి అభ్యంతరం చెప్పదు, పదేళ్ల తరువాత మరో పండితుడు చెబితే చెప్పవచ్చు. సవర మాటను తప్పుగా పలికితే మాత్రం ఎదుట కూర్చున్న మనిషి అప్పుడే నవ్వుతాడు, లేదా అర్థంకాక ఊరుకుంటాడు. రాసినది రేపు ఒక పిల్లవాడు చదివి తన అమ్మ మాటగా గుర్తుపట్టాలనుకున్నప్పుడు, "దాదాపు సరిపోయింది" అని సరిపెట్టుకోవడం కుదరదు. సవరలో గొంతులోనే గాలిని ఒక్కసారి బిగబట్టి ఆపే ధ్వని ఉంది. అది తెలుగు చెవికి మొదట వినిపించనే వినిపించదు, తెలుగు అక్షరమాలలో దానికి చోటు లేదు. చేపలు పట్టడం వంటి పనిని, చేపనూ పట్టడాన్నీ ఒకే క్రియలో ఇమిడ్చి చెప్పగల భాష అది. కర్త, కర్మ, క్రియ అని మనం బడిలో నేర్చుకున్న చట్రం దానికి చాలదు. ఇటువంటి భాషను చూసి ఇది మోటు భాష, దీనికి వ్యాకరణం లేదు అని కొట్టిపారేసినవారు కొల్లలు. మాట్లాడేవారి మీద గౌరవం ఉన్నవాడికి మాత్రమే, వ్యాకరణం లేనిది భాషకు కాదు, తన చేతిలో ఉన్న పుస్తకానికి అన్న అనుమానం వస్తుంది.

ఆ అనుమానమే ఆయన చేత కొత్త పనులు చేయించింది. సవరలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతాలు ఇచ్చారు. పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకు వద్దని, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి పెట్టమని, పెడితే ప్రణాళిక తానే తయారుచేసి ఇస్తానని చెప్పారు. 1913లో రావు బహదూర్ బిరుదు వచ్చింది. సవర వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను ప్రభుత్వమే అచ్చువేసింది. సవరల పని మొదలైన నాటికీ ఆ నిఘంటువుకూ మధ్య నలభై ఏళ్లకు పైగా గడిచాయి. ఉట్టి కుతూహలానికి అంత ఆయువు ఉంటుందని నేను నమ్మను. ఒక భాషలోని వింతలు మహా అయితే పదేళ్లలో పాతబడతాయి, అప్పటికి చురుకైన బుద్ధి మరో వింతను వెతుక్కుంటుంది. ఆయనను అక్కడే కట్టిపడేసినది సవరల మీది మమకారం. సవరల కోసం కొండల్లో తిరిగిన తిరుగుడులో వచ్చిన మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిన్నాయని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. వినికిడి పోయాక కూడా ధ్వనుల మీద పని మానలేదు. కుమారుడు సీతాపతిగారు ఆ భాషనే చేపట్టి పనిచేశారు.

ఇక తెలుగు సంగతి. 1906-07 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాల బడులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ అనే ఆంగ్లేయుడు, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగిన ప్రశ్న రామమూర్తిగారినీ గురజాడనూ ఉద్యమంలోకి దింపిందని అందరికీ తెలిసినదే. ఆ ప్రశ్న ఎందరో పండితుల చెవిన పడి ఉంటుంది, ఆయనకే అది ఎందుకు పట్టుకుంది? లిపి లేని భాషకు కూడా తిరుగులేని నియమాలు ఉంటాయని, అవి మాట్లాడేవారి నోట ఉంటాయని సవరల దగ్గర కొన్నేళ్లుగా చూస్తూ వచ్చిన మనిషి ఆయన. అటువంటివాడికి, కోట్లమంది మాట్లాడే తెలుగు తప్పుల తడక అని, వెయ్యేళ్ల కిందటి రూపాలు మాత్రమే ఒప్పు అని చెబితే నమ్మకం కుదరదు. పైగా ఆయన దృష్టి ఎప్పుడూ తరగతి గదిలోని పిల్లవాడి మీదే ఉంది. అర్థంకాని భాషలో పాఠం వల్లించే తెలుగు పిల్లవాడూ, కొండ మీది సవర పిల్లవాడూ ఒకే ఇబ్బంది పడుతున్నారని ఆయనకు కనిపించింది. తరువాతి వాదోపవాదాల్లో, ప్రతిపక్షం వారి గ్రాంథికంలోనే తప్పులు ఏరి చూపించడం వంటి ఘాటైన ఘట్టాలు చాలా ఉన్నాయి. అవి చదవడానికి సరదాగా ఉంటాయి గాని ఇక్కడ అవసరం లేదు.

ఈ ఆపేక్షకు ఒక హద్దు ఉన్నదని కూడా ఒప్పుకోవాలి. ఎంత దగ్గరైనా ఆయన కొండ దిగువ మనిషే. 1936లో మంగయ్ గొమాంగో అనే సవర తన జాతి భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని తయారుచేశారు. ఆ లిపి ఒక మతాచారంతో ముడిపడి, ఆరాధనా వస్తువుగా కూడా నిలిచింది. బయటి పండితుడి వ్యాకరణం ఎంత గొప్పదైనా అటువంటి సొంతదనాన్ని ఇవ్వలేదు. సరిగ్గా అదే ఏడాది ఏప్రిల్‌లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసిపోగా, రామమూర్తిగారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు చెప్పే కార్యక్రమం నడిచింది. వాటిలో సవర ఒకటి, దాని వాచకాలు తెలుగు లిపిలో ఉన్నాయి. పేరుకు అది రామమూర్తిగారు వేసిన దారే. కాని ఏ బడిలోనైనా పుస్తకం పనికి వచ్చేది ఆ భాష వచ్చిన ఉపాధ్యాయుడు ఉన్నప్పుడే. కొండ ఊరికి బదిలీ అయిన నాటి నుంచే కిందికి దిగే ఉత్తర్వు కోసం ఎదురుచూసే మాస్టరు, వచ్చిన మొదటి వారంలోనే పిల్లల చేత నీళ్లకూ నిప్పుకూ పేర్లు చెప్పించుకొని రాసుకునే మాస్టరు, ఇద్దరూ మన ఏజెన్సీ బడుల్లో ఉన్నారు. శిక్షణ కళాశాలల్లో ఇద్దరికీ చెప్పిన బోధన పద్ధతులు ఒకటే.